ప్రదర్శనశాలలో నేతయిల్లు
(కళాకారనివాసమును గూర్చి యొక విమర్శనము)

తాళపత్రగ్రంథమును భాండాగారమున భద్రపఱచుట యొక పని. దానిని చదువగలవానిని నిలుపుకొనుట మఱియొక పని. మొదటిదానికి బీరువాయు, బీగమును, చెదలమందును చాలును. రెండవదానికి పాఠశాల కావలెను, గురువు కావలెను, ఆ గురువునకు గ్రాసము కావలెను. మన పరిశోధకసంఘములు మొదటిపనిని చాలవఱకు నెఱవేర్చినవి. రెండవదానియందు వెనుకబడినవనుట పండితులెఱుగనిది కాదు. ఇట్టి భేదమే శిల్పవస్తువుల విషయమునను గలదు. వస్త్రమును అద్దపుబీరువాయందుంచుట వేఱు, దానిని నేయు చేతిని నిలుపుట వేఱు.

ఈ రెండవపనికై ప్రదర్శనశాలలు కనిపెట్టిన యుపాయములలో నొకటి కళాకారనివాసము. అనగా నొక శిల్పినో, చిత్రకారునో, నేతగానినో, గాయకునో పిలిపించి, కొన్నివారములో కొన్నిమాసములో శాలయందే యుంచి, అచ్చటి వస్తువులను చూచుచు, చుట్టుపట్ల జనులతో కలసిమెలసి, తన పని తాను చేసికొనునట్లు వసతి కల్పించుట. దీనిని పొగడినవారు కలరు. వట్టి వేడుకయని త్రోసివేసినవారును గలరు. గుణదోషములను విడివిడిగా తూచినవారు తక్కువ. నల్లగొండ పాలమూరు సీమలకు దీనితో గల సంబంధము మనము తలంచినదానికంటె దగ్గఱిది. కావున ఆ సీమల యుదాహరణములనే ప్రధానముగా గైకొని యీ పద్ధతిని పరిశీలింతును.

ఈ యూహ పుట్టిన తీరును మొదట చూడవలెను. 1891వ సంవత్సరమున స్వీడనుదేశపు రాజధానియైన స్టాక్‌హోమునందు ఆర్తుర్ హాసేలియుస్ అను నతడు స్కాన్సెన్ అను బహిరంగప్రదర్శనశాలను స్థాపించెను. దేశమందలి నానాప్రాంతములనుండి పాతయిండ్లను విప్పి తెప్పించి, యచ్చట మరల కట్టించి, వానియందు పూర్వపు బ్రతుకుతీరును, వృత్తులను చూపించెను. యంత్రపరిశ్రమ పెరిగి పల్లెలు రూపుమాఱుచున్న కాలమది. తరువాత ననేకదేశములయందు వెలసిన యిట్టి శాలలకు స్కాన్సెనే మాతృక. మనదేశమున 1972వ సంవత్సరపు ఆసియా వాణిజ్యప్రదర్శనకై ఢిల్లీనగరమున ప్రగతిమైదానమునందు గ్రామీణగృహసముదాయ మొకటి నిర్మింపబడెను. అది తరువాత హస్తకళాప్రదర్శనశాలలో భాగమయ్యెను. ఆ శాలాభవనమును రూపించినవారు చార్లెస్ కొరియాగారు. నానారాష్ట్రముల వృత్తికారులు వంతులవారీగా వచ్చి, యచ్చట కొంతకాలము వసించి, చూపఱుల యెదుట పనిచేసి, చేసినదానిని అమ్ముకొను పద్ధతి యచ్చట నేర్పడెను.

ఈ వంశమునకు వేఱైన శాఖ యొకటి కలదు. 1968వ సంవత్సరమున న్యూయార్కునగరమందలి హార్లెము పేటయందు స్టూడియో మ్యూజియము వెలసెను. ఆఫ్రికాసంతతివారు నివసించు పేట యది. అచ్చట చిత్రకారులకును శిల్పులకును పనిగదులిచ్చి యుంచుట ఆదినుండియు ప్రధానధర్మము. పేరులోని 'స్టూడియో' శబ్దమే యందుకు సాక్షి. 1972వ సంవత్సరమున చిలీదేశపు శాంటియాగోనగరమున ప్రదర్శనశాలల విషయమై జరిగిన సభ, శాల తనచుట్టునున్న సంఘమునకు సేవచేయవలెనను సిద్ధాంతమును ప్రకటించెను. ఈ రెండు శాఖల భేదమును మఱువరాదు. మొదటిదానియందు కళాకారుడు చూడబడువాడు. రెండవదానియందు చూచువాడు. మొదటిదానియందు అతని చేతిపని ప్రదర్శనము. రెండవదానియందు అతని యాలోచనకు శాల సాధనము. మన వృత్తికారులకు తఱచుగా లభించినది మొదటిస్థానమే యనుట యీ వ్యాసమునకు మూలమైన యాక్షేపణ.

ఇక నల్లగొండ విషయమునకు వత్తము. చెన్నపట్టణమునకు దక్షిణముగా సముద్రతీరపు బాటమీద ముట్టుకాడు అను నూర 'దక్షిణచిత్ర' యను ప్రదర్శనశాల కలదు. 1984వ సంవత్సరమున నేర్పడిన మద్రాసు క్రాఫ్ట్ ఫౌండేషను అను సంస్థ దీనిని 1996 డిసెంబరు మాసమున జనులకు తెఱచెను. ఈ సంస్థకు మూలపురుషస్థానమున నున్నవారు డెబొరా త్యాగరాజన్ అను విదుషి. స్థలరచనకు ఆదర్శమిచ్చినవారు లారీ బేకరుగారు. తమిళ, కేరళ, కర్ణాటక, తెలుగుసీమల పాతయిండ్లను, యజమానులు కూల్చివేయదలచిన వానిని కొని, విప్పి తెచ్చి, ఆయా ప్రాంతముల పనివారిచేతనే మరల కట్టించిరి. తెలుగువిభాగమున కోస్తాసీమకు చెందిన చుట్టిల్లును, నల్లగొండసీమకు చెందిన చిటికినేతవారి యిల్లును గలవు. వృత్తికారులు వచ్చి పనిచేసి చూపుటకును, కళాకారులు కొంతకాలము వసించి రచన చేసికొనుటకును అచ్చట నేర్పాటులున్నవి. మన సీమయిల్లు పరసీమయందు కళాకారనివాసమునకు నెలవైన చోటు గనుక, విమర్శకు దీనికంటె తగిన యుదాహరణము లేదు.

మొదట గుణమును చెప్పవలెను. కూలిపోవలసిన యిల్లు నిలిచినది. రాజప్రాసాదములకును, దేవాలయములకును దక్కు గౌరవము నేతవాని పంచకు దక్కినది. ఇంటిని కట్టుటకు ఆ సీమ పనివారినే పిలిచిరి గనుక గోడతోపాటు గోడకట్టు విద్యయు కొంత నిలిచినది. చిటికినేత యనగా నేమో తెలియని చూపరి, వస్త్రముమీది బొమ్మ అచ్చువేసినది కాదనియు, నేయకమునుపే నూలునకు కట్లు కట్టి రంగులద్ది, ఆ రంగులు మగ్గముమీద ఒకదానితో నొకటి కలియునట్లు నేసినదనియు నచ్చట తెలిసికొనగలడు. ఇది చిన్నలాభము కాదు.

దోషమెక్కడ? ఇల్లు వచ్చినది గాని వీధి రాలేదు, రానేరదు. చిటికినేత యొక యింటి పని కాదు, ఒక వాడ పని. నూలును నానవేయువారొకరు. ఆసు పోయువారొకరు, వారు తఱచుగా స్త్రీలు. గీతలు గుర్తించి కట్లు కట్టువారొకరు. రంగు వేయువారొకరు. కట్లు విప్పి కండెలు చుట్టువారొకరు, వారు తఱచుగా వృద్ధులును బాలురును. పడుగును బారుగా సాచుటకు ఇంటిలో చోటు చాలదు, వీధియే కావలెను. కుంచెతో గంజి పట్టించుటకు ఎండయు నీడయు తెలిసిన నలుగురు కావలెను. కావున నేతపల్లెయందు వీధి కూడ పరికరములలో నొకటి. ఇంత జరిగినపిమ్మట గుంటమగ్గమున కూర్చుండి నాడె నడపువాడు కడపటివాడు. ప్రదర్శనశాలకు వచ్చు చూపరి యీ కడపటివానినే చూచును, అతడే సర్వము నేసెనని తలంచును. ఒక్కని పేర నివాసమిచ్చు పద్ధతిలో నీ దోషము సహజముగా నున్నది. చిత్రకారుడు ఒంటరిగా పనిచేయువాడను యూహమీద పుట్టిన పద్ధతి, వాడగా పనిచేయు విద్యకు యథాతథముగా నప్పదు. నివాసమిచ్చుచో కుటుంబమున కీయవలెను, ఆసు పోయు స్త్రీ పేరును పలకమీద వ్రాయవలెను.

ఈ సందర్భమున ఆసుకథ చెప్పక తప్పదు. 'ఆసులో కండెవలె తిరుగుచున్నాడు' అను పలుకుబడిని మన పండితులు బాలురకు బోధింతురు. బోధించువారిలో ఆసును కన్నులార చూచినవారెందఱు? పేకనూలును అర్ధచంద్రాకారముగా నాటిన మేకులచుట్టు ఒక్కొక్క పోగుగా త్రిప్పుట ఆసుపని. ఒక్కచీరకు చేయి వేలకొలది మాఱులు ఇటునటు సాగవలెను. గంటలకొలది సాగు నీ పనిచే స్త్రీల భుజములు నొచ్చును. ఆలేరు ప్రాంతమందలి శారాజిపేట గ్రామమున చింతకింది మల్లేశముగారు తమ తల్లి యీ బాధపడుట చూచి, చదువు తక్కువయైనను సంవత్సరములతరబడి శ్రమించి, 1999వ సంవత్సరమున ఆసుయంత్రమును కనిపెట్టిరి. తల్లి పేర దానికి లక్ష్మీఆసుయంత్రమని నామకరణము చేసిరి. భారతప్రభుత్వము 2017వ సంవత్సరమున వారికి పద్మశ్రీ బిరుదమిచ్చెను.

విమర్శకుడు దీనినుండి గ్రహింపవలసినదేమి? ఈ నూతనసృష్టి ప్రదర్శనశాలయందు జరుగలేదు. జరుగుటకు వీలును లేదు. ప్రదర్శనశాల కోరునది పాత యాసు. చేతితో త్రిప్పునదే చూపఱులకు ముచ్చట గొలుపును. భుజము నొవ్వకుండ తిరుగు యంత్రము ముచ్చటగొలుపదు. కాని నేతయింటివారు కోరినది రెండవదానిని. ఒక విద్య మాఱకుండ నుండవలెనని చూపరి కోరుట, ఆ విద్యకై నొచ్చు భుజము తనది కాకపోవుటచేతనే. కళాకారుని నివసింపజేయు శాల, అతడు తన విద్యను మార్చుకొనుటకును అవకాశమీయవలెను. అట్లు కానియెడల ఆ నివాసము కాపురము గాదు, కాపలా యగును.

ప్రదర్శనశాల మేలుచేసిన సందర్భమును గూడ చెప్పుట న్యాయము. తేలియా రుమాలు అను వస్త్రము పూర్వము చీరాలప్రాంతమున విస్తారముగా నేయబడి, యరబ్బుదేశములకును ఆఫ్రికాతీరమునకును ఎగుమతియగుచుండెను. నూలును నూనెతోను, క్షారజలముతోను పలుదినములు పదునుచేయుటచే దానికి తేలియా యను పేరు గలిగెను. ఎఱుపు, నలుపు, తెలుపు అను మూడు వర్ణములే దానికి ప్రధానము. పడుగునకును పేకకును గూడ కట్లు కట్టవలసియుండుటచే నిది మిక్కిలి కష్టమైన నేత. బేరము తగ్గి విద్య క్షీణించినకాలమున పాతరుమాళ్లు ప్రదర్శనశాలల పెట్టెలలోను, సంగ్రాహకుల యొద్దను మిగిలినవి. 1980వ దశాబ్దమున జరిగిన విశ్వకర్మ వస్త్రప్రదర్శనలు పాతవస్త్రములను ఆదర్శముగా నుంచి, నేటి నేతగాండ్రచే మరల నేయించుటను పద్ధతిగా గైకొనెను. నాటి నల్లగొండ జిల్లాలోనుండి 2016 తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన పుట్టపాకయందు తేలియావిద్య నిలిచి వృద్ధిపొందెను. ఆ యూరి గజం గోవర్ధనగారికి 2011వ సంవత్సరమునను, గజం అంజయ్యగారికి 2013వ సంవత్సరమునను పద్మశ్రీ బిరుదములు వచ్చెను. 2020వ సంవత్సరమున తేలియా రుమాలునకు భౌగోళికసూచిక యను చట్టరక్షణ లభించెను.

ఈ విద్యయందు పాతవస్త్రము గురుస్థానమును పొందదగినది. తాళపత్రప్రతియందలి పాఠమును చూచి పరిష్కర్త గ్రంథమును నిలుపునట్లు, నేతగాడు పాతరుమాలునందలి పోగులను లెక్కించి రచనను నిలుపగలడు. అద్దమునకు వెలుపల నిలిచి చూచిన నిది సాధ్యము గాదు. అద్దము తెఱచి, వస్త్రమును చేతికిచ్చి, తిరుగవేసి చూడనీయవలెను. మన గ్రంథాలయములయందు ప్రతిని పండితునిచేతికిత్తురు. ప్రదర్శనశాలయందు వస్త్రమును నేతగానిచేతికీయుటకు వెనుదీయుదురు. ఈ తారతమ్యమునకు శాస్త్రకారణమేదియు నాకు కానరాదు. చేతికిచ్చిన వస్త్రము చెడునందురేమో. తాళపత్రమును చేతికిచ్చిన విఱుగును గదా! జాగ్రత్త రెండింటికిని సమానమే. అర్హత యెవరిదను నిర్ణయమునందే భేదమున్నది.

కట్టుబట్టవలెగాక, వినుటకును చూచుటకును జనసమూహమునే యపేక్షించు కళలు మఱికొన్ని గలవు. పద్మశాలీయులకు మార్కండేయపురాణమును, భావనాఋషికథను చిత్రపటము వ్రేలాడదీసి చెప్పువారు కూనపులివారు. ఆ పటములను వ్రాయువారు చేర్యాల నకాషీ చిత్రకారులు. చెప్పువారికి వినువారితో ననుబంధము తరతరములది. వారు వీరి యాశ్రితులు, వీరి కులకథ వారి సొత్తు. అట్టి పటము ప్రదర్శనశాలగోడమీద చిత్రముగా మిగులును. ఏ గడిని ముందు చూపవలెనో, ఎచ్చట నిలిపి పాడవలెనో, ఎచ్చట వినువారు ఊకొట్టవలెనో గోడ చెప్పజాలదు. పాలమూరు సీమయందలి పండ్రెండుమెట్ల కిన్నెర విషయమును నట్టిదే. దర్శనం మొగులయ్యగారు ఆ వాద్యముపై పండుగ సాయన్న మొదలగు వీరుల కథలను పాడి, 2022వ సంవత్సరమున పద్మశ్రీ బిరుదమునందిరి. కిన్నెరకు మెట్లెన్నియో శాలయందు లెక్కించి చెప్పవచ్చును. ఏ కథకు ఏ మెట్టుపై వేలు నిలుచునో వాదకుడే చెప్పవలెను. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు ఇట్టి వాద్యములను, పటములను సేకరించి 'ఆద్యకళ' యను పేర ప్రదర్శించి గొప్పమేలుచేసిరి. వాద్యమును సేకరించినవారే వాదకుని వెదకి లోకమునకు తెలుపుట యీ సేకరణయందలి విశేషము. వాద్యము దొరకుటయు వాదకుడు దొరకుటయు నొక్కకాలమున జరుగవలెను. ఒకదాని వెనుక నొకటి యని జాగుచేసిన, రెండవది దొరకదు.

స్థానభ్రంశమన దక్షిణ తెలంగాణమునకు క్రొత్త కాదు. శ్రీశైలజలాశయమున మునుగనున్న కూడలి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా విప్పి ఆలంపురమున మరల కట్టిరి. పాలమూరి పిల్లలమర్రి యొద్దను ఆ జలాశయమున మునుగు గ్రామమునుండి తెచ్చి కట్టిన యాలయము కలదు. నల్లగొండ సరిహద్దున కృష్ణానదిపై నాగార్జునసాగరము కట్టునప్పుడు, 1954 మొదలు 1960 వఱకు త్రవ్వితీసిన నాగార్జునకొండ శిల్పములను నీటినడుమ ద్వీపమైన కొండపై ప్రదర్శనశాలకు చేర్చిరి. ఱాళ్లకు సంఖ్యలు వేసి, ఏ రాయి దేనిప్రక్కన నుండెనో వ్రాసికొని, యదేవిధముగ నమర్చిరి. ఇది ప్రశంసింపదగిన శాస్త్రము. అదే నీటిచే కదలిన పల్లెలయందు ఎవని యిల్లు ఎవని యింటిప్రక్కన నుండెనో, ఏ పాట ఏ రచ్చకట్టమీద పాడిరో, అంత శ్రద్ధతో వ్రాసికొన్నవారు లేరు. ఆలయము నిలిచినది. ఆలయముచుట్టు తిరిగిన తిరునాళ్ల జనము పలుచోట్లకు చెదరిరి. ఆలంపురాలయముల కీర్తికై జీవితమంతయు పాటుపడిన గడియారం రామకృష్ణశర్మగారు 1953వ సంవత్సరము జనవరియందు ఆంధ్రసారస్వతపరిషత్తు సప్తమసభలను ఆ యూరనే జరిపించిరి. శిల్పమున్న చోటికి సాహిత్యసభను రప్పించుటలో లోతైన యూహ గలదు. శిల్పమును చూచుటకు పండితులు రావలెను, పండితులమాట వినుటకు ఊరివారు రావలెను. ఆ రెండురాకలును ఒక్కచోట కలిసినపుడే ప్రదర్శనశాల సంఘమునకు చెందినదగును.

ఇచ్చట నొక పూర్వపక్షము రావచ్చును. 'ఇది యంతయు వృత్తిశిల్పవిషయము. సాహిత్యపరిశోధకులకు దీనితో నేమిపని?' యని. సమాధానము సులభము. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రయందు తనకాలపు ఆటపాటలను వర్ణింపకున్న, ఆ కాలపు ప్రదర్శనకళలను గూర్చి మన మెఱుగునది చాలవఱకు శూన్యము. బసవపురాణమున నేతవాడైన జేడర దాసయ్యను భక్తులపంక్తిలో కూర్చుండబెట్టినవాడు నతడే. పాలమూరు సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949వ సంవత్సరమున ప్రకటించిన ఆంధ్రుల సాంఘికచరిత్రమునకు ఆధారములు కావ్యములయందలి యిట్టి యల్పవిషయములే. కట్టుబట్ట, ఆట, వంట, పనిముట్టు - వీనిని కావ్యమునుండి యేఱి చరిత్ర కట్టిరి. నిఘంటువుల విషయమును చూడుడు. మనకోశములయందు 'వృక్షవిశేషము', 'పక్షివిశేషము', 'పరికరవిశేషము' అను నర్థములు తఱచుగా కానవచ్చును. విశేషమేమో తెలియనిచోట విశేషమని వ్రాయుట కోశకారుల యలవాటు. ఈ లోపమును గుర్తించి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలికవృత్తిపదకోశమును వెలువరించెను. 1962వ సంవత్సరమున వచ్చిన మొదటిసంపుటము వ్యవసాయపదములది. 1971వ సంవత్సరమున వచ్చిన రెండవసంపుటము చేనేతపదములది. పన్నె, అచ్చు, కుంచె, నాడె మొదలగు మాటలను గ్రంథములనుండి గాక, వృత్తివారి నోటినుండి గ్రహించి కూర్చిన కోశ మది. నేతవాని యిల్లు భాషాశాస్త్రమునకు గ్రంథాలయమనుటకు వేఱు ప్రమాణము వలదు.

ఐనను కోశమును ఒకవిధమైన ప్రదర్శనశాలయే. మాట యందు నిలిచినది, మాటాడువాడు నిలువలేదు. మగ్గము మానిన యింట మాట మిగులదు. పనిముట్టు చేతిలోనున్నంతకాలమే దాని పేరు నోటిలో నుండును. ఇంకొక తరమునకు పడుగుపేకలు సమాసముగా, అలంకారముగా మాత్రమే మిగులునేమో. నేతవారింటి బాలుడు పాఠశాలయందు మనయెదుట కూర్చుండి, ఆసు అనగా నేమో మననుండి నేర్చుకొను దినము రాగూడదు. ఈనాటికిని నల్లగొండ నేతపల్లెల పాఠశాలలయందు ఆ బాలుడే మనకు చెప్పగలడు. మన మడుగము.

ఇంతవఱకు జరిపిన పరిశీలనమునుండి కళాకారనివాసమునకు మూడు పరీక్షలు తేలుచున్నవి. మొదటిది జీవనపరీక్ష. వచ్చిన వృత్తికారుడు, అతనితో పనిచేయు కుటుంబము, ఆ కాలమున ఇంటివద్ద మగ్గము నిలిచినందున కలిగిన నష్టము పూడునట్లు వేతనము పొందుచున్నారా? చూపఱులు కొన్నదానిమీద బ్రతుకుమనుట ఆహ్వానము గాదు. రెండవది వాక్పరీక్ష. పలకమీది మాట యెవరిది? నేతగాడు తన పనికి తానిచ్చు పేరును, తన కథను తాను చెప్పు క్రమమును శాల యంగీకరించినదా, లేక అధికారి వ్రాసినదానిని అతడు చేతితో నభినయించుచున్నాడా? మూడవది ప్రత్యాగమనపరీక్ష. నివాసకాలము ముగిసినపిమ్మట ఊరికి తిరిగివచ్చినదేమి? పాతవస్త్రపు రచన యొకటి, క్రొత్త రంగువిద్య యొకటి, పటముయొక్క ప్రతి యొకటి, ఏదైన నొకటి వాడకు చేరవలెను. ఏదియు చేరనిచో శాల పల్లెనుండి తీసికొన్నదే గాని యిచ్చినది లేదు.

ఈ పరీక్షలయందు దూరదేశపు శాలకంటె సీమలోని శాలకే యెక్కువ సౌకర్యము. భూదానపోచంపల్లి 2021వ సంవత్సరమున ప్రపంచ పర్యాటకసంస్థచే ఉత్తమపర్యాటకగ్రామముగా నెన్నబడెను. అచ్చట చూపరియే వీధికి వచ్చును, వీధి చూపరికడకు పోనక్కఱలేదు. నల్లగొండ పానగల్లునందు పచ్చల సోమేశ్వరాలయమున పురావస్తుశాల కలదు. పాలమూరున పిల్లలమర్రి యొద్ద జిల్లాప్రదర్శనశాల కలదు. ఆ శాలయావరణమున నున్న శిల్పములన్నియు చల్లగా నిలిచియుండ, మర్రిచెట్టు మాత్రము ప్రాణముతో నున్నది. 2018వ సంవత్సరమున దానికి చెదలుపట్టగా కొమ్మలకు సీసాలు వ్రేలాడదీసి చుక్కచుక్కగా మందెక్కించి కాపాడిరి. ప్రాణమున్న వస్తువును కాపాడు పద్ధతి ఱాతిని కాపాడు పద్ధతికంటె వేఱని ఆ శాలవారికి తెలియును. ఆ తెలివినే కళలయెడల చూపవలెనని ప్రార్థన.

ఇట్టి శాలలలో నొకదానియందైనను ఏటికొక కళాకారకుటుంబమునకు నివాసమిచ్చిన నెంతయో పని జరుగును. ఒక యేడు పుట్టపాక నేతవారు, ఒక యేడు కూనపులివారును వారికి పటము వ్రాయు చిత్రకారుడును, ఒక యేడు కిన్నెర వాయించువారు. చుట్టుపట్ల పాఠశాలల పండితులు వారమున కొకదినము విద్యార్థులతో వచ్చి, మాటలను, కథలను, పనిక్రమమును వారి నోటివెంట వ్రాసికొనవలెను. చెప్పినవారి పేరు ప్రతిపుటయందు నుండవలెను. వ్రాసినదానిని వారికి చదివి వినిపించి, తప్పన్నదానిని దిద్దవలెను. గ్రంథపరిష్కరణమున పాఠభేదములను చూపుట మనకు తెలిసిన విద్యయే. ఇచ్చట ప్రతులకు బదులు మనుష్యులుందురు, అంతియే భేదము.

పుస్తకమును దిద్దునపుడు దానికర్త మనకు బదులు చెప్పజాలడు. అతడు గతించి శతాబ్దములైనది. అందుచే మన మూహించుటకు అలవాటుపడితిమి. నేతయింట నూహతో పనిలేదు. అడిగిన చెప్పువారింకను గలరు. వారున్న కాలమున అడుగక, వారనంతరము వారి మగ్గమునకు పలక వ్రాయుటకై పోటీపడుట పరిశోధకధర్మము గాదు. విజ్ఞులైన పాఠకులు తమ తమ యూళ్లయందీ విషయమును విచారింతురు గాక.